తమిళ బ్రాహ్మీ పుట్టుక, భట్టిప్రోలు పేటికలు: అశోకుని లిపి ముందా, దక్షిణాది లిపి ముందా?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. తమిళనాడులోని కీళడి తవ్వకాల నివేదిక 2019 సెప్టెంబరులో వెలువడినప్పటి నుండి, తమిళుల రాత అశోకుని కంటే మూడు వందల ఏళ్లు ముందుదనీ, బ్రాహ్మీ లిపే దక్షిణాది నుండి పైకి పాకిందనీ చెప్పే వ్యాసాలు తెలుగులో కూడా విరివిగా వస్తున్నాయి. పాఠ్యపుస్తకాలు తెరిస్తే మాత్రం దేశంలోని లిపులన్నీ మౌర్యుల బ్రాహ్మీ నుండి చీలినవేనని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు పోతాయి. ఈ రెండు కథనాలలోనూ మన భట్టిప్రోలుకు చోటు లేదు. తమిళ బ్రాహ్మీ అనబడే తమిళ దేశపు గుహలలోని రాతకూ, కృష్ణా ముఖద్వారానికి దగ్గరలోని భట్టిప్రోలులో దొరికిన ధాతుపేటికల, అంటే బుద్ధుని అవశేషాలు ఉంచిన పెట్టెల రాతకూ మధ్య దగ్గరి చుట్టరికం ఉన్నదని లిపి శాస్త్రజ్ఞులు ఎప్పటి నుండో అంటున్నారు గనుక, ఆ చుట్టరికం ఏమిటో, దాని నుండి తమిళ రాత పుట్టుక గురించి ఏమి తెలుస్తుందో ఇక్కడ నిదానంగా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. భాష ప్రాచీనత వేరు, లిపి ప్రాచీనత వేరు అన్న మెలకువ వదలకుండా రాయమని మనవి.

శిలాక్షరి:

కృష్ణాతీరం గారూ, మంచి చర్చ. ఏది ఎప్పుడు తెలిసిందో ముందుగా చెప్పుకుంటే మిగిలినది సులువవుతుంది.

బ్రాహ్మీ అక్షరాలను 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. సాంచీ స్తూపం కంచె మీది చిన్న చిన్న శాసనాలు చాలావరకు ఒకే రెండు అక్షరాలతో ముగియడం గమనించి, ఇవి దాతలు చెక్కించుకున్నవి అయి ఉండాలి, ఆ మాట ‘దానం’ అయి ఉండాలి అని ఊహించడం ఆయనకు తాళంచెవి అయింది. ఆ తరువాత ఉత్తరాది శాసనాలు వరుసగా విడివడ్డాయి. కానీ 1882లో రాబర్ట్ సీవెల్ తమిళ దేశపు మధుర (మదురై) దగ్గరి మాంగుళం కొండ గుహలలో కనుగొన్న శాసనాలు మాత్రం లొంగలేదు. అక్షరాలు తెలిసినవే, మాటలు మాత్రం కుదరవు. అది ప్రాకృతమే అనుకుని చదివినంత కాలం ప్రతి పదమూ వంకరగా వచ్చేది. 1924లో కె. వి. సుబ్రహ్మణ్య అయ్యర్ ఆ చిక్కు విప్పారు. అక్కడ వర్గాక్షరాలలో ఒత్తక్షరాలు, సరళాలు దాదాపు కనిపించవనీ, అశోకుని శాసనాలలో లేని నాలుగు గుర్తులు కనిపిస్తున్నాయనీ, అవి తమిళానికే కావలసిన ఴ, ళ, ఱ, మాట చివర వచ్చే ప్రత్యేకమైన న అనీ నిలబెట్టి, ఆ భాష తమిళమని చూపారు. ఐరావతం మహాదేవన్ 1965లో మాంగుళం రాతలో పాండ్య రాజైన నెడుంజెళియన్ పేరును, పుగళూరు రాతలో మూడు తరాల చేర రాజుల పేర్లను గుర్తించడంతో ప్రాచీన తమిళ కవితలైన సంగ సాహిత్యపు రాజులు మొదటిసారి రాతి మీద నిలిచారు. ఆయన జీవితకాలపు కృషి 2003లో ఒక పెద్ద సంపుటిగా వచ్చింది.

ఇక పుట్టుక మాట. ఆ నాలుగు ప్రత్యేకాక్షరాలను ఎలా తయారుచేశారో చూడండి. ళ అన్నది ల రూపానికి ఒక కొసరు గీత చేర్చగా వచ్చింది, చివరి న కూడా మామూలు న రూపానికి చిన్న మార్పు చేయగా వచ్చింది. అంటే చేతిలో అప్పటికే ఒక లిపి ఉన్నవారు, తమ నోటిలో ఉండి ఆ లిపిలో లేని ధ్వనుల కోసం ఉన్న గుర్తులనే సవరించుకున్నారు. తమిళం కోసమే మొదట పుట్టిన లిపి అయితే ల, ళ రెండూ సమాన హోదాతో పుట్టాలి. ఒకటి మరొకదానికి సవరణగా పుట్టడానికి కారణం ఉండదు. పైగా మాంగుళం రాతలోనే ‘ధమ్మం’ అనే మాటను ప్రాకృతపు ధకారంతోనే చెక్కారు. తమిళానికి ఆ ధ్వని అక్కరలేదు. అరువు తెచ్చుకున్న పెట్టెలో ఆ అక్షరం ఉన్నది కాబట్టే అది రాతి మీదికి వచ్చింది. అందువల్ల ప్రయాణం బ్రాహ్మీ నుండి తమిళ బ్రాహ్మీ వైపు జరిగిందే గాని తిరుగు దిశలో కాదని నా నిశ్చితాభిప్రాయం.

మధురవాసి:

నేను మూడు తరాలుగా మధురలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడిని. మాంగుళం కొండ మా ఊరికి దగ్గరే. శిలాక్షరి గారు చెప్పిన రాతను దగ్గరగా చూసినవాడిగా రెండు మాటలు చేరుస్తాను.

అవి మనం ఊహించుకునే గుడి శాసనాల వంటివి కావు. వాలిన బండ కింద మునులు పడుకోవడానికి నునుపుగా చెక్కిన రాతి పడకలు ఉంటాయి, వాన నీరు లోపలికి జారకుండా బండ నుదుటి మీద అడ్డంగా ఒక గాడి తొలిచి ఉంటుంది, ఆ గాడికి దగ్గరగా అక్షరాలు ఉంటాయి. మధ్యాహ్నపు వెలుగులో నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. పొద్దున ఎండ పక్కవాటుగా పడే వేళ గీతల లోతులో నీడ నిలిచి ‘కణియ్ నంద’ అన్న ముని పేరు, చివరలో ‘పళియ్’, అంటే ఆ గుహావాసాన్ని చెప్పే మాట, ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. దానమిచ్చినవాడు నెడుంజెళియన్ ఉద్యోగి, పుచ్చుకున్నవాడు జైన ముని. అదే కొండ మీద మరొక చోట ‘వెళ్ళఱై నిగమం’ వారు దానమిచ్చినట్లు ఉన్నది. నిగమం అంటే వర్తక సంఘమని మీకు తెలుసు.

శిలాక్షరి గారి వాదంలో ఒక ముడి ఉన్నది, దాన్ని విప్పి చూడమని కోరుతున్నాను. తమిళ బ్రాహ్మీ బ్రాహ్మీ నుండి వచ్చిందన్న మాటను నేను కాదనను. కానీ ఆ బ్రాహ్మీ అశోకునిదే కావాలన్న నియమం ఎక్కడిది? శ్రీలంకలో అనురాధపురం తవ్వకాలలో బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు క్రీ.పూ. 4వ శతాబ్ది తొలి భాగపు పొరలలో దొరికాయని 1996లో ప్రకటించారు. అది అశోకునికి శతాబ్దానికి పైబడి ముందుకాలం. వర్తకుల చేతుల మీదుగా సముద్ర తీరాల వెంబడి తిరిగిన లిపిని అశోకుడు తన ధర్మలిపికి వాడుకున్నాడని ఎందుకు అనుకోరాదు? పళని దగ్గరి పొరుంతల్‌లో కె. రాజన్ తవ్విన సమాధిలో ‘వయ్‌ర’ అని రాసిన కుండ పీఠం దొరికింది. అదే సమాధిలో నాలుగు కాళ్ల జాడీ నిండా ఉన్న వడ్ల గింజలకు క్రీ.పూ. 490 అని కాలం తేలింది. కీళడిలో 353 సెంటీమీటర్ల లోతున దొరికిన నమూనాకు క్రీ.పూ. 580 వచ్చింది. ఆతన్, కువిరన్ వంటి మనుషుల పేర్లు గీసిన పెంకులు అక్కడ ఎన్నో దొరికాయి. రాజాజ్ఞలు చెక్కించిన రాజు కంటే, తన కుండ మీద తన పేరు గీసుకున్న సామాన్యుడు ముందువాడు కావడం నాకు నమ్మశక్యంగానే ఉన్నది.

కాలమాపకుడు:

నేను శాసనాల మనిషిని కాను. నా పని రేడియోకార్బన్ కొలతలతో ముడిపడినది గనుక దాని వరకు రాస్తాను.

కొలిచేది అక్షరాన్ని కాదు, బొగ్గును లేదా గింజను. ఆ రెండూ ఒకే రోజున మట్టిలో కలిశాయని చెప్పవలసిన బరువు తవ్వినవారి మీద ఉంటుంది. జనం వందల ఏళ్లు నివసించిన చోట గుంతలు తవ్వుతారు, బావులు దింపుతారు, ఎలుకలు కలుగులు చేస్తాయి. పై పొర పెంకు కింది పొరకు జారడం, కింది బొగ్గు పైకి రావడం మామూలే. అందువల్ల నివాస స్థలంలో ఒకటి రెండు నమూనాల మీద ఆధారపడి ఒక లిపి వయసును నిర్ణయించడం కష్టం. ఈ విషయంలో మూసి ఉన్న సమాధికి ఎక్కువ విలువ ఉన్నది కనుక, మధురవాసి గారు చెప్పిన రెండింటిలో కీళడి కంటే పొరుంతల్ సాక్ష్యం బలమైనదని నేను అనుకుంటాను.

అయితే ఈ చర్చలలో ఎవరూ చెప్పని ఇబ్బంది ఇంకొకటి ఉన్నది. వాతావరణంలో కార్బన్-14 పాలు అన్ని కాలాలలోనూ ఒకేలా ఉండదు. అందుకే ప్రయోగశాలలో వచ్చిన అంకెను చెట్ల వలయాల ఆధారంగా గీసిన సవరణ రేఖతో పోల్చి నిజమైన సంవత్సరానికి మార్చుకోవాలి. ఆ రేఖ దాదాపు క్రీ.పూ. 750 నుండి 400 వరకు పీఠభూమిలా చదునుగా సాగుతుంది. ఆ నడుమ చచ్చిన చెట్టు గాని, పండిన గింజ గాని, ఏ సంవత్సరానిదైనా ఇంచుమించు ఒకే కొలతను ఇస్తుంది. కాబట్టి 580 అని పత్రికలో వచ్చిన అంకె నిజానికి ఒక పెద్ద పరిధికి నడిబొడ్డు వంటిది. ఆ పరిధికి ఇటు కొస క్రీ.పూ. 400 దాకా రావచ్చు. తమిళ రాత వయసు గురించి పోట్లాడుకుంటున్న శతాబ్దాలు సరిగ్గా ఈ పీఠభూమి మీదే పడటం దురదృష్టం. ఒక్క కొలతను పట్టుకుని అవుననీ కాదనీ ఎవరూ గట్టిగా అనలేరు. ఒకే సమాధి నుండి, వేర్వేరు పదార్థాల నుండి, వరుస పొరల నుండి అనేక కొలతలు తీసి కలిపి లెక్కిస్తేనే పరిధి ఇరుకవుతుంది.

శిలాక్షరి:

కాలమాపకుడు గారికి ధన్యవాదాలు, ఇంత స్పష్టంగా ఈ విషయాన్ని తెలుగులో రాయడం నేను చూడలేదు. మధురవాసి గారు విప్పమన్న ముడి న్యాయమైనదే. దిశ ఒక ప్రశ్న, కాలం మరొక ప్రశ్న. నేను దిశ గురించి గట్టిగా ఉన్నాను, కాలం గురించి అంత గట్టిగా లేను. మహాదేవన్ మాత్రం అశోకుని తరువాత జైన మునుల ద్వారా లిపి దక్షిణానికి దిగిందని, మాంగుళం రాతలు క్రీ.పూ. 2వ శతాబ్దివని చివరి వరకు నమ్మారు. అశోకుని లిపిలోని గీతల నునుపు, కొలతల పొందిక చూస్తే అది అప్పుడే ఒక రాజాస్థానంలో కూర్చుని తీర్చిదిద్దినట్లు ఉంటుందే గాని, వందల ఏళ్లు జనం చేతిలో నలిగినట్లు ఉండదని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదంలో కొంత నిజం ఉన్నదని నాకూ అనిపిస్తుంది.

ఇప్పుడు కృష్ణాతీరం గారు అడిగిన భట్టిప్రోలుకు వస్తాను. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు ఆయువుపట్టు అదే.

1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి పేటికలు, వాటి లోపల స్ఫటికపు భరిణెలు, ధాతువులు బయటపడ్డాయి. పేటికల మూతల మీద, అంచుల మీద ఉన్న రాతలను జార్జి బ్యూలర్ చదివి 1894లో ప్రకటించాడు. భాష ప్రాకృతం. ఒక పేటిక మీద కురుని తండ్రి, తల్లి, కురుడు, శివుడు అనేవారు ఈ ‘మజుసం’, అంటే మంజూషను, స్ఫటికపు సముద్గాన్ని, అంటే భరిణెను, బుద్ధుని ధాతువులను ఉంచడానికి చేయించారని ఉన్నది. మరొకచోట కుబిరక రాజు పేరు, ఇంకొకచోట ‘నేగమా’ అనే శీర్షిక కింద వరుసగా వర్తకుల పేర్లు ఉన్నాయి. మధురవాసి గారు చెప్పిన వెళ్ళఱై నిగమాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మధుర వైపు వైగై నది ఒడ్డునా, ఇటు కృష్ణ ఒడ్డునా దానాలు చేసి పేర్లు చెక్కించుకున్నది ఒకే తరహా జనం.

అక్షరాల దగ్గరకు వస్తే, ఇక్కడి మ తలకిందులుగా ఉంటుంది. ఘ అన్నది గ నుండి తయారైంది, అశోకుని ఘతో దానికి పోలిక లేదు. వీటన్నిటి కంటే ముఖ్యమైనది అచ్చు గుర్తుల పద్ధతి. అశోకుని బ్రాహ్మీలో ఏ గుర్తూ లేని హల్లులో అకారం దానంతట అదే ఉంటుంది. కుడివైపు అడ్డగీత పెడితే అది దీర్ఘమవుతుంది. ప్రాకృతంలో మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి గనుక పొల్లు హల్లు రాయవలసిన అవసరం వారికి దాదాపు లేదు. తమిళానికి అలా కుదరదు, ‘మకన్’ వంటి మాట చివర పొల్లు కావాలి. మాంగుళం వంటి తొలి గుహల లేఖకులు చేసిన ఉపాయం ఇది. గుర్తు లేని హల్లును పొల్లుగా తీసుకున్నారు, అడ్డగీత ఉంటే అకారమో ఆకారమో సందర్భాన్ని బట్టి చదువుకోమన్నారు. ఆ పద్ధతిలో ‘మకన్’ రాస్తే మకూ కకూ అడ్డగీతలు ఉంటాయి, నకారం బోడిగా ఉంటుంది. దాన్ని అశోకుని అలవాటుతో చదివితే ‘మాకాన’ అవుతుంది. సీవెల్ నాటి నుండి నలభై ఏళ్లపాటు పండితులు తడబడింది ఇక్కడే.

భట్టిప్రోలు లేఖకుడు ఇంకొక అడుగు వేశాడు. అడ్డగీతను అకారానికి ఇచ్చి, ఆకారానికి అదే గీత కొసను కిందికి వంచాడు. సందిగ్ధం పోయింది. ఇక్కడే నన్ను ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న వస్తుంది. పేటికల మీది భాష ప్రాకృతం. ప్రతి హల్లుకూ అకారపు గీత గీయవలసిన శ్రమ ప్రాకృతానికి ఎందుకు? అశోకుని పద్ధతే దానికి సరిపోతుంది. ఆ శ్రమ పడినవారు ముందుగా పొల్లు హల్లులున్న భాషను రాయడానికి ఈ పద్ధతిని అలవాటు చేసుకుని ఉండాలి, తరువాత అదే చేతితో ప్రాకృతం రాసి ఉండాలి. ఆ భాష తమిళమే అని, భట్టిప్రోలు పద్ధతి తమిళ బ్రాహ్మీ తొలి పద్ధతి నుండి ఎదిగిందని మహాదేవన్ అన్నారు. కృష్ణా తీరపు ద్రావిడ భాష ఏదైనా కావచ్చు కదా అని నేను అంటాను.

అక్షరాభ్యాసి:

పెద్దలకు నమస్కారం. నేను చరిత్రలో స్నాతకోత్తర విద్యార్థిని. సింధు ముద్రలకూ తమిళ రాతకూ సంబంధం ఉన్నదంటారు, దక్షిణాది కుండల మీది గీతలు ఆ ముద్రల గుర్తులను పోలి ఉన్నాయంటారు. మీ చర్చలో ఆ ప్రస్తావన లేదు. ఎందుకు వదిలేశారు?

నిర్వాహకులు:

ఈ ప్రశ్న చర్చకు సంబంధించినదే కనుక కొనసాగించవచ్చు. ప్రాంతాల గొప్పతనం గురించిన వాదోపవాదాలుగా మారిన రెండు సందేశాలను తొలగించాము. దయచేసి అక్షరాల మీద, ఆధారాల మీద ఉండండి.

శిలాక్షరి:

అక్షరాభ్యాసి గారూ, వదిలేయడానికి కారణం ఆసక్తి లేక కాదు. మహాదేవన్ 1977లో తయారుచేసిన పట్టికలో సింధు గుర్తులు 417. ఒక్కో రాతలో సగటున అయిదు గుర్తుల కంటే ఎక్కువ ఉండవు. రెండు భాషలలో ఉన్న శాసనం ఒక్కటీ దొరకలేదు. చేప గుర్తును, చేపకూ నక్షత్రానికీ వాడే ద్రావిడ పదం ‘మీన్’ అని చదివి నక్షత్రం అనే అర్థం తీసే అస్కో పర్పోలా వాదన నాకు ఇష్టమైనదే. కానీ ఇష్టం వేరు, రుజువు వేరు. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ఈ లిపిని ఛేదించినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిందంటేనే పని ఎక్కడ ఆగి ఉన్నదో తెలుస్తుంది. కుండల మీది గీతలకూ సింధు గుర్తులకూ పోలికలను బి. బి. లాల్ 1960లోనే చూపారు. కానీ క్రీ.పూ. 1900 ప్రాంతంలో సింధు నగరాలు క్షీణించడానికీ, మొదటి బ్రాహ్మీ అక్షరానికీ మధ్య వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉన్నది. ఆ ఖాళీలో ఒక్క రాత అయినా దొరికేంతవరకు వంశవృక్షంలో ఆ కొమ్మను గీయలేము.

పడమటి వైపు సంబంధం సంగతి వేరు. అరమాయిక్ లిపి గాంధారంలో పారశీక ప్రభుత్వపు రాతగా ఉన్నది, దాని నుండి వాయవ్య ప్రాంతపు లిపి అయిన ఖరోష్ఠి పుట్టిందనడంలో పెద్ద వివాదం లేదు. గుర్తు లేని హల్లులో అకారం ఉండటం, మిగతా అచ్చులకు హల్లు మీదే గీతలు పెట్టడం అన్న సూత్రం ఖరోష్ఠికీ బ్రాహ్మీకీ ఒకటే. బ్రాహ్మీ థకారపు చుక్కున్న సున్న అరమాయిక్‌లోని టేత్ అనే అక్షరాన్ని తలపిస్తుంది. అలాగని మొత్తం అక్కడిదే అనలేము. చాలా అక్షరాలకు అక్కడ జత దొరకదు. హ్రస్వదీర్ఘాలను ఇంత శ్రద్ధగా వేరుచేసే చూపు ఉచ్చారణను వివరించే మన శిక్షా శాస్త్రానిది. ఆలోచనకు ఒక ప్రేరణ బయటి నుండి వచ్చిందనీ, నిర్మాణం ఇక్కడ జరిగిందనీ నేను అనుకుంటాను. రాత దిశ విషయంలో మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని చిన్న శిలాశాసనం ఎంతో విలువైనది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు, అరక దున్నినట్లు సాగుతాయి. చిత్రదుర్గ ప్రాంతపు బ్రహ్మగిరి శాసనం చివర చపడుడు అనే లేఖకుడు తన వృత్తిని సూచించే మాటను ఖరోష్ఠిలో రాసుకున్నాడు. వాయవ్యంలో రాత నేర్చిన లేఖకులు మౌర్యుల కాలంలో దక్షిణాపథం దాకా వచ్చారనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

మధురవాసి:

ఆ లేఖకుడు వచ్చాడన్నది నిజమే, కానీ ఆయన వచ్చేనాటికి ఇక్కడ రాత లేదని దాని నుండి తేలదు. అశోకుని రెండవ శిలాశాసనం చోళులను, పాండ్యులను, సతియపుత్రులను, కేరళపుత్రులను తన ఏలుబడికి అవతలివారిగా చెబుతున్నది. రాజ్యం దాటని ఆజ్ఞ వెంట లిపి దాటిందని ఎలా అంటాము? సతియపుత్రుల మాట వచ్చింది గనుక చెబుతున్నాను, 1981లో బయటపడిన జంబై శాసనంలో ‘సతియపుతో అతియన్ నెడుమాన్ అంజి’ అని ఉన్నది. అశోకుడు వాడిన బిరుదును తమిళ రాజు తన శాసనంలో నిలుపుకున్నాడు. ఇది రాజకీయ సంబంధాన్ని చూపుతుంది. లిపి మాత్రం సంత దారుల వెంట తిరిగిందని నా నమ్మకం. ఈజిప్టులోని కుసెయిర్ అల్ కదీమ్ రేవులో ‘కణన్’, ‘సాతన్’ అనే పేర్లున్న తమిళ బ్రాహ్మీ పెంకులు, థాయిలాండ్‌లో ‘పెరుంపతన్ కల్’ అని రాసిన కంసాలి గీటురాయి దొరికాయి. అవి తరువాతి కాలానివే, కాదనను. అయినా ఈ లిపిని ఎవరు మోసుకు తిరిగారో అవి చెబుతున్నాయి.

నాణెకారుడు:

భట్టిప్రోలు పద్ధతి వెనుక ఏ భాష ఉండి ఉంటుందని శిలాక్షరి గారు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు కాదు గాని, దగ్గరగా వచ్చే వస్తువు ఒకటి ఉన్నది. శాతవాహనులు క్రీ.శ. 2వ శతాబ్దిలో తమ బొమ్మతో వెండి నాణేలు కొట్టించారు. పులుమావి నాణెం ముందు వైపు రాజు తల చుట్టూ ప్రాకృతంలో ‘రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస’ అని ఉంటుంది. వెనుక వైపు అదే విషయం ద్రావిడ భాషలో ‘అరహణకు వాహిట్టి మకణకు తిరు పుళుమావికు’ అని తిరుగుతుంది. రెండు వైపుల అక్షరాలు కూడా ఒక్కలా ఉండవు, వెనుక వైపు అక్షరాలు దక్షిణాది తీరువి. అంటే ఒకే టంకశాలలో, ఒకే అచ్చు చెక్కేవాడి ముందు, ప్రాకృతానికి ఒక రాత, దేశభాషకు ఒక రాత అన్న తేడా బతికే ఉన్నది. వెనుక వైపు భాషను తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరి దేశి అని మరికొందరు అన్నారు. ‘కు’ విభక్తి ఇద్దరికీ ఉన్నది. మకణ శబ్దం మాత్రం తమిళం వైపు మొగ్గుతుంది. తెలుగులో ‘కొడుకు’ స్థిరపడింది కదా. ఆ కాలానికి ఈ రెండు భాషల మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పడం నాకు అసాధ్యంగా తోస్తుంది.

కృష్ణాతీరం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాణెకారుడు గారు చూపిన వెనుక వైపు రాత గురించి చదివాక నాకు ఒక విచారం కలిగింది. భట్టిప్రోలు పద్ధతి మన నేల మీద పుట్టింది లేదా పెరిగింది. కానీ మన లిపి దాని వారసురాలు కాదు. అకారాన్ని గీతతో చూపే ఆ పద్ధతి అంతరించింది. తమిళులు పొల్లుకు చుక్క పెట్టి దాన్ని ‘పుళ్ళి’ అన్నారు, తమిళ ప్రాచీన వ్యాకరణమైన తొల్కాప్పియం హల్లు స్వభావం చుక్కతో నిలవడమే అని సూత్రీకరించింది, హ్రస్వమైన ఎ, ఒలకు కూడా చుక్కనే చెప్పింది. తెలుగు, కన్నడ లిపులు శాలంకాయనుల, విష్ణుకుండినుల, చాళుక్యుల శాసనాల మీదుగా మామూలు బ్రాహ్మీ దారిలోనే వచ్చి, ఒత్తులతో పొల్లు సమస్య తీర్చుకున్నాయి. తమిళ దేశంలో పాత రాత నుండి వట్టెళుత్తు అనే లిపి వచ్చింది, పల్లవుల గ్రంథ లిపితో కలిసి ఎదిగిన నేటి తమిళ లిపి చోళుల ఏలుబడితో పాండ్య దేశంలో కూడా దాన్ని నెట్టివేసింది.

అయితే ధ్వనుల అవసరం మాత్రం ఇద్దరికీ ఒకటే. సుబ్రహ్మణ్య అయ్యర్‌కు దారి చూపిన నాలుగు అక్షరాలలో మూడు మనకూ ఉండేవి. క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనపు రేనాటి చోళులు తమ వంశనామాన్ని ఴకారంతో ‘చోఴ’ అనే రాసుకున్నారు. మనకు ఏడు, కోడి అయినవి తమిళంలో ఇంకా ఏఴు, కోఴిగానే ఉన్నాయి. ఆ అక్షరం మన రాతలో నుండి జారిపోయింది, బండి ఱ పుస్తకాలలో మిగిలింది.

శిలాక్షరి:

కృష్ణాతీరం గారూ, విచారపడనక్కరలేదు. ఒక పద్ధతి ఆగిపోవడం లిపుల చరిత్రలో తరచు జరిగేదే. దాన్ని వాడినవారి పనితనం దానివల్ల తగ్గదు. పైగా ఆ పేటికలతో దొరికిన ఆరు పలకల స్ఫటికం మీది రాత అశోకుని పద్ధతిలోనే ఉన్నది. అంటే ఒకే స్తూపంలో రెండు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎందుకు నిలిచిందో చెప్పడానికి నాకు తోచే కారణం ఒకటే. ప్రాకృత, సంస్కృత శాసనాలు పెరిగిన చోట ఒత్తుల పద్ధతికి బలం వచ్చింది. తమిళం రాజశాసన భాషగా నిలిచిన చోట చుక్కకు బలం వచ్చింది. మన దగ్గర తెలుగు శాసనాలు మొదలయ్యే 6వ శతాబ్ది నాటికి లేఖకుల చేతులు సంస్కృతానికి అలవాటుపడి ఉన్నాయి.

మధురవాసి గారూ, కాలం విషయంలో మీ వాదాన్ని నేను తోసిపుచ్చడం లేదు. కానీ క్రీ.పూ. 5వ శతాబ్ది అనడానికి ఒక పేరున్న పెంకు కంటే ఎక్కువ కావాలి. పొరుంతల్ ‘వయ్‌ర’లో అక్షరాల తీరు గుహల తొలి రాతల కంటే పాతగా కనిపించదు, ఆ మాట కూడా ‘వజ్ర’ శబ్దపు ప్రాకృత రూపం నుండి వచ్చినదే. అక్షరాల వయసు, గింజల వయసు పొసగనప్పుడు గింజలకే ఓటు వేయాలని నియమం ఏమీ లేదు.

మధురవాసి:

అక్షరాలకే ఓటు వేయాలని కూడా నియమం లేదు కదా. అక్షరాల తీరును బట్టి కాలం కట్టే కొలమానమే అశోకుని దగ్గర మొదలుపెట్టి గీసినది. దానితో అశోకుని కంటే ముందరి రాతను కొలిస్తే అది ఎప్పటికీ అశోకుని తరువాతే పడుతుంది. 2006లో తేని జిల్లా పులిమాన్‌కోంబైలో తమిళ బ్రాహ్మీ ఉన్న వీరగల్లులు దొరికేంతవరకు, ఆ రాత మునుల గుహలకూ వర్తకుల కుండలకూ పరిమితమనే అనుకునేవారు. పశువుల కోసం జరిగిన పోరులో చచ్చిన ఊరి మనిషి పేరు కూడా ఆ అక్షరాలలో ఉన్నదని అప్పుడు తెలిసింది. కాలమాపకుడు గారు చెప్పినట్లు వరుస కొలతలున్న సమాధులు మరికొన్ని తవ్వేవరకు నేను నా పక్షాన ఉంటాను.

కాలమాపకుడు:

ఆ పీఠభూమికి ఇవతల, అంటే క్రీ.పూ. 400 తరువాతి కాలానికి రేఖ మళ్లీ వాలుగా దిగుతుంది గనుక, మౌర్యులకు కొద్దిగా ముందరి శతాబ్దాన్ని మనం ఇంకా బాగా కొలవగలము. వడ్లు, సజ్జలు, జొన్నల వంటి ఏడాది పంట గింజలనే తీసుకోవాలి. ముదురు దూలం బొగ్గు అయితే చెట్టు వయసంతా కాలంలో కలిసిపోతుంది. కృష్ణా తీరంలో కూడా బ్రాహ్మీ పెంకులు దొరికే పొరలకు ఇలాంటి గింజల వరుస కొలతలు జరిగితే, తమిళ దేశపు అంకెలను దేనితో పోల్చాలో తెలుస్తుంది. నివేదికలలో ప్రయోగశాల ఇచ్చిన సవరించని అంకెను కూడా అచ్చువేయమని తవ్వేవారిని అడగండి. నడిబొడ్డు సంవత్సరం ఒక్కటే ఇస్తే తరువాతివారు ఎవరూ మళ్లీ లెక్క కట్టలేరు.

అక్షరాభ్యాసి:

అందరికీ ధన్యవాదాలు. నా పరిశోధన పత్రానికి భట్టిప్రోలు అచ్చు గుర్తులనే తీసుకుంటున్నాను. తమిళ గుహల తొలి పద్ధతి, భట్టిప్రోలు పద్ధతి, అశోకుని పద్ధతి మూడింటిలో ఒకే మాటను రాసి చూపే పటం తయారుచేసి ఈ చర్చలోనే పెడతాను. శిలాక్షరి గారు, మధురవాసి గారు ఇద్దరూ దిద్దిపెట్టాలని కోరుతున్నాను.